సీపీఎస్ రద్దు ప్రచారం: కరపత్రంలో ఏం రాయాలి, ఎవరిని కలుపుకోవాలి?

ప్రశ్న – మండల శాఖ కార్యదర్శి

మిత్రులందరికీ నమస్కారం. నేను 2009లో ఉపాధ్యాయుడిగా చేరాను, ప్రస్తుతం మా సంఘం మండల శాఖకు కార్యదర్శిగా ఉన్నాను. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన వారందరిలాగే నేనూ సీపీఎస్ (పాత పెన్షన్ బదులు, జీతంలో కోసిన వాటా, ప్రభుత్వ వాటా ఖాతాలో జమ చేసే కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) పరిధిలోని వాడినే. ఆ తేదీని ఏటా పెన్షన్ విద్రోహ దినంగా పాటిస్తూ నల్ల బ్యాడ్జీలు పెట్టుకుంటున్నాం, భోజన విరామంలో నినాదాలు ఇస్తున్నాం, సాయంత్రం తహసీల్దారు గారికి వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి, దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి ఇళ్లకు వెళ్తున్నాం. నేను చేరిన నాటి నుంచీ ఇదే వరస. ఈసారి మా సభ్యత్వ పుస్తకంలో తొంభై ఆరు పేర్లు ఉంటే, తహసీల్దారు కార్యాలయం మెట్ల మీద నిలబడింది పద్నాలుగు మంది. అందులో ముగ్గురు పదవీ విరమణ చేసిన పెద్దలు.

రాని వారిని నిందించి ప్రయోజనం లేదు. ఈ నాలుగైదేళ్లలో చేరిన యువ ఉపాధ్యాయులు, పాత పెన్షన్ ఇక రాదని, కేంద్రం తన ఉద్యోగులకు ఇస్తున్న యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) లాంటిది ఏదైనా వస్తే తీసుకుని ఊరుకోవడమే మేలని అంటున్నారు. పాత పెన్షన్ ఉన్న సీనియర్లు మాటసాయం చేస్తారు గాని, ఇది తమ పోరాటమని అనుకోరు. అన్నింటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది మా బడి తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన అడిగిన ప్రశ్న. ఆయన ఉపాధి హామీ పనులకు వెళ్తారు. "సారూ, నాకు అరవై ఏళ్లు దాటితే జీతం లేదు, సెలవు లేదు. మీ పెన్షన్ కోసం నేనెందుకు రావాలి?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేకపోయింది.

కొత్త కరపత్రం రాసే బాధ్యత నా మీద పడింది. పాత పెన్షన్ తప్ప మరేదీ అంగీకరించబోమని రాయాలా? ఖాళీ పోస్టుల భర్తీ విషయాన్ని కూడా అందులో చేర్చాలా, లేక అది వేరే ఉద్యమంగా ఉండాలా? సమ్మె మాట ఎత్తవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 – విశ్రాంత ఖజానా ఉద్యోగి

కార్యదర్శి గారికి, ముప్పై నాలుగేళ్లు పెన్షన్ బిల్లులు చూసిన వాడిగా ముందు కరపత్రాల్లోని లెక్కల గురించి చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

సాధారణంగా మనం ఏం రాస్తాం? చివరి మూలవేతనం 80,000 రూపాయలు ఉన్న ఉద్యోగికి పాత విధానంలో అందులో సగం, అంటే 40,000, దానిపై కరువు భృతి వస్తాయని, సీపీఎస్‌లో అయితే తొమ్మిది వేలు కూడా రావని రాస్తాం. ఆ రెండో అంకె ఎలా వచ్చిందో చూడండి. ప్రాన్ ఖాతాలో, అంటే ఉద్యోగి సీపీఎస్ సొమ్ము జమయ్యే ఖాతాలో, 40 లక్షలు పోగయ్యాయనుకుందాం. ప్రభుత్వ ఉద్యోగి అందులో కనీసం 40 శాతం, అంటే 16 లక్షలు పెట్టి యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పథకం) కొనాలి. ఏడాదికి ఆరున్నర శాతం వస్తుందనుకుంటే 1,04,000 రూపాయలు, అంటే నెలకు సుమారు 8,670. కరపత్రం ఇక్కడితో ఆగిపోతుంది. చేతికి వచ్చే మిగతా 24 లక్షల మాట ఎత్తదు. లెక్కలు తెలిసిన యువ ఉపాధ్యాయుడు ఆ ఒక్క లోపాన్ని పట్టుకుని మొత్తం కరపత్రాన్నే నమ్మడం మానేస్తాడు. ఆ 24 లక్షలను కూడా అదే వడ్డీకి వేసుకున్నాడనుకుని కలిపి చూపించండి: నెలకు సుమారు 21,670 అవుతుంది. అప్పుడు కూడా అది 40,000లో సగం కన్నా కొంచెమే ఎక్కువ. పైగా ఏటా రెండుసార్లు పెరిగే కరువు భృతి దానికి ఉండదు, పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినప్పుడు అది సవరణ కాదు. పదేళ్లు గడిచాక ఆ 21,670తో ఏం కొనగలరో పాఠకుడినే ఊహించుకోమనండి. నిజాయితీగా వేసినా లెక్క మన పక్షానే ఉన్నప్పుడు, సగం దాచిపెట్టి ఎందుకు వేయాలి?

ఆలస్యంగా చేరిన వారి పరిస్థితి ఇంకా దారుణం. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాక నలభై దాటాక ఉద్యోగం వచ్చిన వారి ఖాతాలో పది లక్షలే ఉందనుకోండి. నాలుగు లక్షల యాన్యుటీపై నెలకు 2,170 రూపాయలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఇస్తున్న సామాజిక పింఛనే 4,000 రూపాయలు. ఇరవై ఏళ్లు బడిలో పనిచేసిన మనిషికి నెలనెలా వచ్చేది అంతకన్నా తక్కువన్న మాట.

ఇక ఎదుటి వాదనను తప్పించుకోవద్దు. పాత పెన్షన్‌కు తిరిగి వెళ్తే దీర్ఘకాలంలో పడే భారం ఎన్‌పీఎస్ (మన సీపీఎస్ నడిచే జాతీయ పెన్షన్ పథకం) భారానికి 4.5 రెట్ల దాకా ఉండవచ్చని 2023 సెప్టెంబరు రిజర్వు బ్యాంకు బులెటిన్‌లో ఒక వ్యాసం అంచనా వేసింది. ఆ అంచనాలను ప్రశ్నించవచ్చు గాని, ఖర్చే లేదన్నట్టు మాట్లాడటం తప్పు. పాత పెన్షన్‌లో ప్రభుత్వం నెలనెలా వాటా జమ చేయనక్కరలేదు కాబట్టి మొదట్లో ఖజానాకు వెసులుబాటుగానే కనిపిస్తుంది, అసలు బరువు ఈ తరం విరమణ చేసేటప్పుడు పడుతుంది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాలు 2022, 2023 సంవత్సరాల్లో పాత విధానానికి మారుతామన్నప్పుడు, అప్పటికే పోగైన నిధిని రాష్ట్రాలకు తిరిగి ఇవ్వడానికి చట్టంలో వీలు లేదని కేంద్రం చెప్పింది. కాబట్టి "ఒక్క సంతకంతో రద్దవుతుంది" అని రాయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల ముందు వారం రోజుల్లో రద్దు చేస్తామన్న హామీ వచ్చింది. నాలుగేళ్ల తర్వాత దాని స్థానంలో వచ్చింది 2023 నాటి గ్యారంటీ పెన్షన్ చట్టం, దాన్ని సంఘాలు అంగీకరించలేదు. "ఇక రాదు" అని మీ యువ ఉపాధ్యాయులు అనడానికి ఆ అనుభవమే కారణమని నా అనుమానం.

ఉపాధి హామీ పనికి వెళ్లే ఆయనకు జవాబు కూడా ఖజానా భాషలోనే చెప్పవచ్చు. పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యం కాదని, గతంలో చేసిన సేవకు దక్కే హక్కని 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ తేదీని పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. చేసిన పనికి అప్పుడే చేతికి ఇవ్వకుండా వెనక్కి పెట్టిన జీతమే పెన్షన్. ఆయన చేసిన పనికి కూలి పదిహేను రోజుల్లో రాకపోతే ఆయనకు ఎలా ఉంటుందో, మనకు ముప్పై ఏళ్ల తర్వాత అలా ఉంటుందని చెప్పండి. అర్థం చేసుకుంటారు.

జవాబు 2 – ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్

పెద్దలు చెప్పిన లెక్కలు బాగున్నాయి. అయితే ఈ చర్చలో మాలాంటి వారు ఎక్కడా కనిపించలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో పదకొండేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుంటున్నాను. ఈ కాలంలో నన్ను పంపిన ఏజెన్సీ నాలుగుసార్లు మారింది. ప్రతి మార్చి నెలాఖరుకు కొనసాగింపు ఉత్తర్వు వస్తుందో రాదో అని ఎదురుచూస్తాం, వచ్చాక కూడా రెండు మూడు నెలల జీతం ఆగి వస్తుంది. నా పక్క బల్ల దగ్గర రెగ్యులర్ జూనియర్ అసిస్టెంట్ గారు ఉంటారు, పని ఇద్దరిదీ ఒకటే. ఆమె సీపీఎస్ రద్దు కోసం ధర్నాకు వెళ్లిన రోజున ఆమె ఫైళ్లు కూడా నేనే చూశాను. నాకు పీఎఫ్ ద్వారా వచ్చే పెన్షన్‌కు ప్రభుత్వం నిర్ణయించిన కనీస మొత్తం 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. మీరు తక్కువని బాధపడే 8,670 నాకు ఊహకు కూడా అందని అంకె.

ఖాళీ పోస్టులన్నీ భర్తీ చేయాలని కరపత్రంలో రాయాలా అని కార్యదర్శి గారు అడిగారు. ఆ వాక్యం మాకు ఎలా వినిపిస్తుందో ఒకసారి ఆలోచించండి. మంజూరైన పోస్టు ఖాళీగా ఉండబట్టే నన్ను తీసుకున్నారు. అది భర్తీ అయిన రోజున నేను ఇంటికి వెళ్లాలి. పరీక్ష రాసే వయోపరిమితి నాకు దాటిపోయింది. మీ డిమాండ్ న్యాయమైనదే, కానీ దాని కింద పడేది మేమే. మమ్మల్ని కలుపుకోకుండా "ప్రభుత్వ ఉద్యోగాల రక్షణ" అని రాస్తే, మా దృష్టిలో అది కొందరి ఉద్యోగాల రక్షణ మాత్రమే.

కార్యదర్శి ప్రతిస్పందన

మీరు రాసింది చదివాక కరపత్రం మొదటి ప్రతిని పక్కన పెట్టాను. అందులో "ఖాళీలన్నింటినీ వెంటనే భర్తీ చేయాలి" అన్న వాక్యం ఉంది, ఆ కుర్చీలో ఇప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడన్న సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదు. మా బడిలోనే కంప్యూటర్ పని చూసే అమ్మాయి ఔట్‌సోర్సింగ్ మీదే ఉంది. ఆమెను మేము ఏనాడూ సంఘ సమావేశానికి పిలవలేదు. ఈ చిక్కును సంఘాలు ఎక్కడైనా పరిష్కరించుకున్నాయా?

జవాబు 3 – సర్వీసు వ్యవహారాలు చూసే న్యాయవాది

రెండు విషయాలు విడివిడిగా చెబుతాను.

మొదటిది ఔట్‌సోర్సింగ్ మిత్రుడు లేవనెత్తినది. ఎంపిక విధానం లేకుండా తీసుకున్న వారిని కోర్టులు మూకుమ్మడిగా క్రమబద్ధీకరించలేవని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కాబట్టి, "అందరినీ పర్మినెంట్ చేయాలి" అన్న నినాదం వేదిక మీద చప్పట్లు తెస్తుంది గాని కోర్టులో నిలబడటం కష్టం. నిలబడే డిమాండ్లు వేరే ఉన్నాయి. సమాన పనికి సమాన వేతనం సూత్రం తాత్కాలిక ఉద్యోగులకు కూడా వర్తిస్తుందని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. నియామకాల్లో పనిచేసిన ఏళ్లకు వెయిటేజీ, వయోపరిమితి సడలింపు, భర్తీ జరిగినప్పుడు ఇప్పుడున్న వారిని వేరే ఖాళీల్లో సర్దుబాటు చేయడం అనే మూడింటినీ భర్తీ డిమాండ్‌తో ఒకే వాక్యంలో రాయండి. వేర్వేరు పేజీల్లో రాస్తే ప్రభుత్వం మొదటిదాన్ని చూపి రెండోవారిని, రెండోదాన్ని చూపి మొదటివారిని భయపెడుతుంది.

ఉద్యోగాలు, పెన్షన్ వేర్వేరు ఉద్యమాలా అన్న మీ ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉంది. రెగ్యులర్ పోస్టు ఒక్కొక్కటిగా ఔట్‌సోర్సింగ్‌కు మారుతూ పోతే, పాత పెన్షన్ తిరిగి వచ్చిన రోజుకు దాన్ని పొందే అర్హత గల ఉద్యోగులు ఎంతమంది మిగులుతారు?

రెండోది సమ్మె. ఉద్వేగంలో నిర్ణయం తీసుకోకండి. ప్రభుత్వ ఉద్యోగుల సంఘాలు ప్రభుత్వ గుర్తింపు నియమాల కింద నడుస్తాయి, ప్రవర్తనా నియమావళి సమ్మెను అనుమతించదు. తమిళనాడులో 2003లో సమ్మెకు దిగిన సుమారు 1,70,000 మందిని ఎస్మా (అత్యవసర సేవల నిర్వహణ చట్టం) తరహా చట్టం కింద ఒక్కసారిగా తొలగించారు. టి.కె. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గాని, చట్టబద్ధమైన హక్కు గాని లేదని తేల్చింది. చాలామందిని క్షమాపణ, హామీ పత్రం రాయించుకుని తిరిగి తీసుకున్నారు. ఆ తీర్పు సరైనదని నేను అనుకోను, కానీ పద్నాలుగు మంది వచ్చే మండలంలో సమ్మె మాట ఎత్తేముందు దాన్ని గుర్తుంచుకోవాలి. "పని లేదు, జీతం లేదు" అన్న ఉత్తర్వు వచ్చిన మొదటి నెలలోనే ఐక్యత ఎంత ఉందో తెలిసిపోతుంది.

జవాబు 4 – సీపీఎస్ ఉపాధ్యాయిని, డివిజన్ బాధ్యురాలు

అన్నయ్య గారూ, మీ పద్నాలుగు మంది లెక్క చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే మూడేళ్ల క్రితం మా దగ్గర పదకొండు మంది. ఆ తర్వాత మేము చేసిన ఒక పని గురించి చెబుతాను.

నినాదాలు పక్కన పెట్టి, ఒక శనివారం సాయంత్రం బడి వదిలాక ఒక తరగతి గదిలో కూర్చుందామని అందరికీ చెప్పాం. ఉపన్యాసం ఉండదని, ఎవరి ప్రాన్ ఖాతా వివరాలు, మూడేళ్ల పే స్లిప్పులు వారు తెచ్చుకోవాలని మాత్రమే రాశాం. ముప్పై ఒక్కరు వచ్చారు. పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, స్కేలు అడ్డం పెట్టి, ఒక్కో నెల వరుసను పెన్సిల్‌తో టిక్కు పెడుతూ పోయాం: జీతంలో కోసిన పది శాతం ఖాతాలో పడిందా, దానికి ప్రభుత్వ వాటా జత అయిందా, ఏ తేదీన పడింది. గంట గడిచేసరికి గది నిశ్శబ్దమైపోయింది. తొమ్మిది మంది ఖాతాల్లో ఖాళీలు కనిపించాయి. ఒక గణితం టీచరుకు పదకొండు నెలల ప్రభుత్వ వాటా లేదు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టింది, తనదే పొరపాటేమో అనుకుని. ఆలస్యంగా పడిన నెలలకు ఆ మధ్యకాలంలో రావలసిన రాబడి కూడా పోయినట్టేనని అప్పటిదాకా మాలో చాలామందికి తట్టలేదు.

ఆ తొమ్మిది మంది వివరాలను పట్టిక వేసి, జీతాల బిల్లులు పెట్టే డ్రాయింగ్ అధికారికి అందరి సంతకాలతో లేఖ ఇచ్చాం. నాలుగు నెలల్లో ఏడుగురివి సరిచేశారు, ఇద్దరివి ఇంకా నడుస్తున్నాయి. మరుసటి సెప్టెంబరు 1న మా డివిజన్‌లో అరవైకి పైగా వచ్చారు. పాత పెన్షన్ గురించి మేము ఆ గదిలో ఒక్క మాట చెప్పలేదు. తన డబ్బు తన పేరు మీద ఉన్నా తన చేతిలో లేదన్న సంగతి పెన్సిల్ పట్టుకున్న ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది. యువ ఉపాధ్యాయులకు యూపీఎస్ గురించి కూడా అలాగే చెప్పండి. పూర్తి సగం పెన్షన్ రావాలంటే 25 ఏళ్ల సర్వీసు ఉండాలి, అంతకు తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. 38 ఏళ్లకు చేరినవారికి ఎంత వస్తుందో వారినే వేసుకోమనండి. పైగా 2025 ఏప్రిల్ నుంచి అది కేంద్ర ఉద్యోగులకు వచ్చింది, రాష్ట్రం స్వీకరిస్తేనే మనదాకా వస్తుంది. కరువు భృతి ఉంటుంది, పదేళ్ల సర్వీసుకు కనీసం 10,000 ఉంటుంది కాబట్టి సీపీఎస్ కన్నా మెరుగేనని కూడా ఒప్పుకోండి. ఒప్పుకుంటే మన మాట మీద గురి పెరుగుతుంది. నా అభిప్రాయం అడిగితే, పాత పెన్షన్‌నే డిమాండ్‌గా ఉంచాలి, కానీ మధ్యలో దొరికేదాన్ని తిట్టకుండా.

ఇక ప్రజల మాట. విశాఖలో చూడండి. ఉక్కు కర్మాగారంలో వంద శాతం వాటా అమ్మకానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక, కూర్మన్నపాలెంలో రిలే నిరాహార దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. అన్నీ తీరాయని కాదు. కాంట్రాక్టు కార్మికులు తమ తొలగింపులపై విడిగా పోరాడవలసి రావడం ఆ ఉద్యమానికి మచ్చగానే నాకు కనిపిస్తుంది, పైన ఆపరేటర్ తమ్ముడు రాసింది సరిగ్గా అదే. అయినా ఊరు ఊరంతా ఎందుకు వెంట నిలిచింది? "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదంలో ఉద్యోగి అన్న మాటే లేదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయిన నినాదమది, ఫ్యాక్టరీ కట్టకముందే ప్రజలది. మన కరపత్రంలో మాత్రం మొదటి పదం నుంచి చివరి పదం దాకా "మా", "మాకు". మీ బడిలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎంతమంది ఉన్నారు, గణితం చెప్పేవారు లేక ఏ తరగతి ఎన్ని నెలలు నడిచిందో మొదటి పేరాలో రాయండి. ఆ ఉపాధి హామీ పనికి వెళ్లే ఆయన బిడ్డ ఆ తరగతిలోనే ఉండి ఉంటుంది.

జవాబు 1 రాసిన విశ్రాంత ఉద్యోగి, మళ్లీ

అమ్మాయి చెప్పిన పెన్సిల్ పద్ధతి బాగుంది. నా తరం ఒక విషయం ఒప్పుకోవాలి. 1983లో పదవీ విరమణ వయస్సును ఒక్కసారిగా 58 నుంచి 55కి తగ్గించినప్పుడు చిన్నాపెద్దా తేడా లేకుండా రోడ్డెక్కాం, ఎందుకంటే అది ఆ రోజే పదవిలో ఉన్నవారికి తగిలింది. 1984లో వయస్సు మళ్లీ 58 అయింది. 2004లో మాత్రం సీపీఎస్‌ను తెచ్చిన జీవో 653 ఇంకా చేరని వారికే వర్తించింది కాబట్టి, మా కార్యాలయంలో ఆ కాగితం బల్లల మీదుగా తిరిగి ఫైల్లోకి వెళ్లింది. నేను కూడా ఇనిషియల్ వేసి పక్కవారికి ఇచ్చాను. సీనియర్లు రావడం లేదని మీరు రాశారు, మా శాఖలోని పెన్షనర్ల సంఘంతో నేను మాట్లాడతాను. పట్టికలు సరిచూడటానికి కనీసం ఇద్దరం రాగలం.

కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే శనివారం సాయంత్రం నాలుగున్నరకు మా ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతి గదిలో కూర్చుంటున్నామని, ప్రాన్ వివరాలు, పే స్లిప్పులు తెచ్చుకోవాలని సందేశం పంపాను. ఇప్పటికి ఇరవై ఇద్దరు వస్తామన్నారు, వారిలో తొమ్మిది మంది కొత్తగా చేరినవారు. కంప్యూటర్ పని చూసే అమ్మాయిని కూడా పిలిచాను. తనకు ప్రాన్ ఖాతా లేదు కదా అని సందేహించింది, పీఎఫ్ పాస్‌బుక్ తెచ్చుకోమన్నాను. కరపత్రం కొత్త ప్రతిలో మొదటి వాక్యం మా మండలంలో ఖాళీగా ఉన్న గణిత ఉపాధ్యాయ పోస్టుల సంఖ్యతో మొదలవుతుంది. ఆ సంఖ్యను ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాక దాన్ని ఇక్కడే పెడతాను, తప్పులుంటే చెప్పగలరు.